చెవుడు ఎవరిది?

కాన్సర్ విషయంలో కాలమే సగం చికిత్స అనడం అతిశయోక్తి కాదు. మూడు వారాలు దాటినా మానని నోటిపుండు, రొమ్ములో నొప్పిలేని గడ్డ, ముట్లుడిగిన తరువాత మళ్ళీ కనబడే రక్తస్రావం కాన్సర్ తొలి చిహ్నాలు కావచ్చు. ఈ సంగతులు మనకు ఎవరూ పనిగట్టుకొని బోధించలేదు. రేడియో చెప్పగా, ఇరుగుపొరుగు ముచ్చటించుకోగా, పెద్దలు హెచ్చరించగా మన చెవిని పడినవి. పుట్టుకతో బధిరులైన వారికి ఈ మార్గాలన్నీ మూతపడి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు నిండిన వారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్షలు జరిపే ప్రభుత్వ కార్యక్రమం ఉన్నది. కాని ఆ కబురు సైతం నోటిమాటగానే ఇంటింటికీ చేరుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం గలవారు సుమారు 50 లక్షలు. వారిలో ఒక తల్లిని ఊహించుకొందాం. రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కనుక ఉపేక్షించింది. చివరకు ఆస్పత్రికి వెళ్ళింది. పేరు పిలిచారు, వినబడలేదు, వంతు దాటిపోయింది. ఎట్లాగో లోపలికి వెళితే వైద్యుడు మాస్కు ధరించి, తల వంచి వ్రాసుకుంటూ ప్రశ్నిస్తున్నాడు. పెదవులే కనబడనప్పుడు ఆమె గ్రహించేదేమిటి?

కాగితం మీద వ్రాసి చూపితే చాలదా అని కొందరంటారు. సంజ్ఞాభాష తెలుగునో, ఉర్దూనో చేతులతో చూపడం కాదు. దానికి తనదైన వ్యాకరణం ఉన్నది. ఆ భాషలో చదువు లభించని బధిరునికి వ్రాతలోని మాట పరాయి మాటే. పరీక్షా ఫలితం "పాజిటివ్" అంటే శుభవార్త అనుకొనేవారు వినగలిగిన మనలోనే లేరా?

ఇంటివారు తోడు వస్తారు కదా అని మరికొందరి వాదన. ఒక తల్లి తన రక్తస్రావం గురించి కొడుకు చేత ఎట్లా చెప్పించుకొంటుంది? వైద్యుడు పది మాటలు చెబితే, అమ్మ బాధపడుతుందని కొడుకు రెండే మాటలు చేరవేస్తాడు. అది ప్రేమే కావచ్చు. కాని ప్రాణం ఆమెది. తెలుసుకొనే హక్కూ ఆమెదే.

చట్టం లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వైద్యశాలలు అవరోధ రహితంగా ఉండాలి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి వైద్య పదాలతో సహా పదివేల పదాల నిఘంటువును వెలువరించింది. అయినా చక్రాల కుర్చీకి వాలుబాట కట్టి, అవరోధం తొలగిందని తృప్తి పడుతున్నాం. బధిరుని దారికి అడ్డం మెట్లు కాదు, మాట. ప్రతి పెద్దాస్పత్రిలో ఒక సంజ్ఞాభాషా దుబాసీ, వంతును అంకెలతో చూపే పలక, బొమ్మలతో వివరించే పత్రాలు అవసరం. ఇవి అసాధ్యమైన కోరికలు కావు.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపించే కళాశాల మనది. తన భాష తెలియని చోట బాధ చెప్పుకోవడం ఎంత కష్టమో మనలో పలువురికి అనుభవమే. రేపు మనలో కొందరు నర్సులు, మందుల దుకాణదారులు, ఆస్పత్రి గుమాస్తాలు కాబోతున్నారు. కనుక జాతీయ సేవా పథకం కింద వారానికి ఒక గంట సంజ్ఞాభాష తరగతిని, బధిర ఉపాధ్యాయుని చేతనే, ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా అర్థిస్తున్నాను.