తీరం కబుర్లు: పెరటి ఆట పరదేశంలో

"తాతయ్యా, మా హోమ్ గేమ్ ఒకటి పోయింది!"

ఓ శనివారం పొద్దున్నే అమెరికా నుంచి మా మనవడి ఫోన్. నేనింకా కాఫీ గ్లాసు కూడా కింద పెట్టలేదు. పోయిందంటే వీడేదో వస్తువు పారేసుకున్నాడనుకున్నాను.

"ఎక్కడ పోయిందిరా? బడిలోనా, బస్సులోనా?"

"లండన్‌లో!"

వాడికి పన్నెండేళ్ళు. తెలుగు బాగానే మాట్లాడతాడు గాని, సగం మాటలు చెప్పి మిగతా సగం మనల్ని ఊహించుకోమంటాడు. వాళ్ళమ్మ ఫోన్ అందుకుని విడమరిచి చెప్పాక నాకు బోధపడింది. వాళ్ళ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈ ఏడాది సొంత మైదానంలో తొమ్మిది ఆటలు ఆడాలట. అందులో ఒకటి లండన్ పట్టుకుపోయారట. ఆ జట్టు ఎప్పుడు ఊళ్ళో ఆడినా తండ్రీ కొడుకులిద్దరూ వెళ్ళి చూస్తారు. ఇప్పుడు ఆ ఒక్క ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి టీవీ ముందు కూర్చోవాలి. అప్పటికి లండన్‌లో మధ్యాహ్నం రెండున్నర, మన గోపాలపూర్‌లో సాయంత్రం ఏడు.

"నువ్వూ చూడొచ్చు తాతయ్యా, నీకు మంచి టైము" అన్నాడు వాడు, దుఃఖంలోనూ నా సౌకర్యం మర్చిపోకుండా.

ఈ ఆట సంగతి తెలియని పాఠకులకి రెండు ముక్కలు. ఇది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, ఎదుటివాళ్ళు మీదపడి పడగొడతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. మన కబడ్డీకి ఇనప టోపీ పెట్టి, చేతికి బంతిచ్చారనుకోండి, చాలావరకు సరిపోతుంది. వాళ్ళ పెద్ద లీగ్ పేరు ఎన్.ఎఫ్.ఎల్. అందులో 32 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టూ లీగ్ దశలో 17 ఆటలు ఆడుతుంది.

మరి అమెరికా ఆటని సముద్రం దాటించడమెందుకు? ఇది ఒక్కరోజులో పుట్టిన ఆలోచన కాదు. 1986 ఆగస్టులో లండన్ వెంబ్లీ మైదానంలో చికాగో బేర్స్, డల్లాస్ కౌబాయ్స్ జట్లు ఒక ప్రదర్శన ఆట ఆడాయి. గెలుపోటములు లెక్కలోకి రాని ఆట అది. అప్పడం ముక్క విరిచి రుచి చూపించినట్టన్నమాట. అసలు లెక్కలోకి వచ్చే ఆట మొదటిసారి అమెరికా బయట జరిగింది 2005 అక్టోబరులో, మెక్సికో నగరంలో. ఆ రోజు లక్షమందికి పైగా జనం వచ్చారు. లక్షమంది వస్తే ఏ వ్యాపారి ఊరుకుంటాడు! 2007 అక్టోబరు 28న వెంబ్లీలో న్యూయార్క్ జెయింట్స్ 13-10తో మయామీ డాల్ఫిన్స్‌ని ఓడించింది. ఆ ఆట లెక్కప్రకారం మయామీవాళ్ళ సొంత ఆట. సొంత ఆటే, కాకపోతే సొంత ఊరికి సముద్రం అవతల!

అప్పట్నుంచి ఇది ఆనవాయితీ అయిపోయింది. జాక్సన్‌విల్ అనే ఊరి జట్టు 2013 నుంచి, కోవిడ్ వచ్చిన 2020 తప్పించి, ఏటా లండన్ వెళ్ళి ఆడుతోంది. 2022లో జర్మనీలోని మ్యూనిక్, 2024లో బ్రెజిల్‌లోని సావో పాలో, 2025లో డబ్లిన్, మాడ్రిడ్ కూడా జాబితాలో చేరాయి. టీవీ హక్కులు, కొత్త అభిమానులు, కొత్త డబ్బు. కారణాలు మనం ఊహించగలిగినవే.

అయితే మా మనవడి బాధ డబ్బు గురించి కాదు. "మా ఆట మాకు లేకుండా వాళ్ళకెందుకివ్వాలి?" అని. పన్నెండేళ్ళవాడు అడిగాడు గదా అని తీసిపారెయ్యకండి. ఇది చాలా పెద్ద ప్రశ్న. దీనికి రెండు వైపులా నిలబడి చూసినవాళ్ళం మనం. ఎలాగంటారా?

2009 సంగతి గుర్తు చేసుకోండి. ఆ వేసవిలో లోక్‌సభ ఎన్నికలూ ఐ.పి.ఎల్. క్రికెట్టూ ఒకేసారి వచ్చాయి. రెండింటికీ కలిపి బందోబస్తు ఇవ్వడం కుదరలేదు. దాంతో మొత్తం టోర్నీని, అన్ని జట్లనీ, దక్షిణాఫ్రికాకి తరలించారు. అమెరికావాళ్ళు ఊరికొక ఆట పట్టుకెళ్తే, మనవాళ్ళు వంటిల్లుతో సహా ఇల్లే ఎత్తుకెళ్ళారు! హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కి ఆ ఏడాది ఉప్పల్‌లో ఒక్క ఆట కూడా లేదు.

అంతకు ముందేడు, 2008లో, ఆ జట్టు ఎనిమిదింట్లో ఎనిమిదోది. సొంత ఊళ్ళో ఆడిన ఏడు ఆటలూ ఓడిపోయింది. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు. మనవాళ్ళు ఇంట్లోనే పిల్లి! అలాంటిది దక్షిణాఫ్రికా వెళ్ళాక గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో చెలరేగిపోయారు. మే 24న జోహానెస్‌బర్గ్‌లో ఫైనల్. మొదటి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్ సున్నాకి అవుటయ్యాడు. గిబ్స్ నిలబడి 53 చేశాడు. 143 పరుగులు కాపాడుకుంటూ బెంగళూరుని ఆరు పరుగుల తేడాతో ఓడించారు. మా వీధిలో ఉన్న నాలుగు తెలుగిళ్ళవాళ్ళూ ఆ రాత్రి మా టీవీ ముందే. మా ఆవిడ మూడుసార్లు టీ పెట్టింది. నాలుగోసారి అడగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఆ జట్టు డర్బన్‌లో కూడా ఆడింది. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ కూలీలని తీసుకుని చేరిన రేవు అది. ఆ తరవాత వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు వేలమంది. వాళ్ళ పిల్లలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఒకప్పుడు మన గోపాలపూర్ రేవు నుంచి రంగూన్ ఓడలెక్కినవాళ్ళ కథ మన ముసలివాళ్ళు చెబుతుంటారే, అదే కథ మరో దిక్కున. అలాంటి ఊరికి హైదరాబాదు పేరు గల జట్టు వెళ్ళి ఆడిందంటే, ఉప్పల్‌కి అది నష్టమే అయినా, డర్బన్‌కి అది పుట్టింటి సారె లాంటిది గదా!

ఇక మన సంగతి. 2010లో తెలంగాణ ఉద్యమం కారణంగా హైదరాబాదులో ఆటలు జరపలేదు. డెక్కన్ ఛార్జర్స్ సొంత ఆటలని నవీ ముంబయికి, నాగపూరుకి, మన కటక్‌కి పంచారు. కటక్! బరంపురంలో రైలెక్కితే నాలుగు గంటలు కూడా పట్టని ఊరు. మార్చి 19న పంజాబ్‌తో, 21న ఢిల్లీతో బారాబతి మైదానంలో ఆడారు. ఆదివారం ఆటకి నేనూ మా బావమరిదీ, ఇద్దరు కుర్రాళ్ళూ పులిహోర పొట్లాలతో సహా బయల్దేరాం. పొట్లాలు గేటు దగ్గరే ఆపేస్తారని ముందు తెలియదు. బయటే నిలబడి నలుగురం తినేసి లోపలికి వెళ్ళాం.

గ్యాలరీ అంతా ఒడియాలో హోరు. నా పక్కనున్న పెద్దాయన మా మాటలు విని, "ఆపణ తెలుగు కి?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే మీ జట్టు" అన్నాడు నవ్వుతూ. ఇంతలో ప్రజ్ఞాన్ ఓఝా బంతి అందుకున్నాడు. ఒడిశాలో పుట్టి హైదరాబాదుకి ఆడిన కుర్రాడు. మైదానం లేచి నిలబడింది. "ఇప్పుడు మీ జట్టు" అన్నాను నేను. ఆయన నా భుజమ్మీద చెయ్యేసి, "మనది" అన్నాడు. రెండు ఆటలూ మనవాళ్ళే గెలిచారు.

మన గంజాం తెలుగువాళ్ళకి ఆ "మనది" అనే మాట విలువ తెలుసు. మన తాతలు చాలామంది ఎక్కడికీ వలస పోలేదు. బరంపురం మద్రాసు రాష్ట్రంలో ఉండగా ఇక్కడే ఉన్నారు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడూ ఇక్కడే ఉన్నారు. మనం కదల్లేదు, గీత కదిలింది. గీత మారిన మర్నాడు కూడా అదే నూతి నీళ్ళు తాగాం, అదే పొరుగువాడితో పండగ చేసుకున్నాం. అందుకని సొంత మైదానం ఏదని అడిగితే మనం మ్యాపు చూసి చెప్పలేం.

కాని ఒక్క మాట. నేను కటక్‌లో ఈల వేస్తున్న ఆ సాయంత్రం, ఉప్పల్‌లో గేట్లకి తాళాలు. వరసగా రెండో ఏడాది. మైదానం బయట వేరుశనక్కాయలు అమ్ముకునేవాళ్ళు, జెండాలు అమ్మేవాళ్ళు, బండ్లకి కాపలా కాసే కుర్రాళ్ళు ఉంటారు గదా, వాళ్ళ పండగ మనకొచ్చింది. మనకి పండగ, వాళ్ళకి పస్తు. ఆ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. ఇన్నేళ్ళ తరవాత మా మనవడు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో మాట్లాడితే తట్టింది.

మరి దీనికి దారి? అమెరికావాళ్ళు ఒకటి కనిపెట్టారు. 2020 దాకా వాళ్ళకి ఒక్కో జట్టుకి 16 ఆటలు. ఎనిమిది ఇంట్లో, ఎనిమిది బయట. అందులోంచి ఒకటి లండన్‌కిస్తే ఊరివాళ్ళకి మిగిలేవి ఏడే. 2021లో 17వ ఆట కలిపారు. అంటే ఏటా సగం జట్లకి ఇంట్లో తొమ్మిది ఆటలు వస్తాయి, మరుసటేడు మిగతా సగానికి. విదేశం వెళ్ళే సొంత ఆటని సాధారణంగా ఆ తొమ్మిది వచ్చినవాళ్ళ దగ్గరే తీసుకుంటున్నారు. తొమ్మిదిలో ఒకటి పోయినా ఊరివాళ్ళకి ఎనిమిది ఉంటాయి. కంచంలో ఉన్నది లాక్కుని పెట్టడం కాదు, మరో గరిటె వండి పెట్టడం.

ఇదే చెప్పాను మా వాడికి. "నీ ఎనిమిదీ నీకున్నాయిరా. తొమ్మిదోది అదనం. అది లండన్‌లో పిల్లలు చూస్తున్నారు" అని. కాసేపు ఆలోచించి, "అయినా తొమ్మిదైతే బావుండేది తాతయ్యా" అన్నాడు. నిజమే, నాకూ అలాగే అనిపిస్తుంది. వాణ్ణి తప్పు పట్టలేం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మన సంఘం సంక్రాంతి ఆటల పోటీలు ఎన్నో ఏళ్ళుగా గోపాలపూర్ ఇసకలో జరుగుతున్నాయి. ఈసారి వాటిని భువనేశ్వర్ మార్చాలని కార్యవర్గంలో ప్రతిపాదన వచ్చింది. మార్చమంటున్నవాళ్ళ మాటలో న్యాయముంది. మన పిల్లల్లో చాలామంది ఉద్యోగాలు అక్కడే. 170 కిలోమీటర్లు చంటిపిల్లలతో వచ్చి వెళ్ళడం కష్టం. అక్కడ పుట్టిన పిల్లలకి గోనెసంచుల పరుగూ తెలియదు, కుర్చీలాటలో మన అరుపులూ తెలియవు. వాళ్ళకీ ఒక బారాబతి సాయంత్రం కావాలి.

కాని గోపాలపూర్‌లో ఎవరున్నారో కూడా తలుచుకోండి. తెప్పల మీద వేటకెళ్ళే మన జాలరివాళ్ళు. ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పండగ పూట వాళ్ళ పిల్లలు వలలు ఆరేసి నేరుగా మన పోటీలకి వస్తారు. తాడులాగుడులో వాళ్ళని ఇంతవరకు ఓడించినవాళ్ళు లేరు. పోయినేడు మన బ్యాంకు ఆఫీసర్ల జట్టు ఎలా ఇసకలో బోర్లాపడిందో చూసినవాళ్ళందరికీ గుర్తే. పోటీలు భువనేశ్వర్ వెళ్తే వాళ్ళు రైలెక్కి రారు. వాళ్ళకి సభ్యత్వ రసీదులు లేవు, కార్యవర్గంలో ఓటు లేదు, ఈ పత్రికా చేరదు. మైదానం మాత్రం వాళ్ళది.

అందుకని నా మనవి ఇది. గోపాలపూర్ ఆటలు గోపాలపూర్‌లోనే ఉంచుదాం. భువనేశ్వర్‌లో ఉగాదికి కొత్తగా ఇంకొక రోజు పోటీలు పెడదాం. ఖర్చు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. నా వంతుగా మొదటి చందా కోశాధికారిగారికి ఇచ్చేశాను, రసీదు కూడా తీసుకున్నాను. భువనేశ్వర్ పోటీలకి ఇక్కడి తాడులాగుడు జట్టుని బస్సులో తీసుకెళ్దాం. వాళ్ళకీ ఒక పరాయి మైదానం చూసినట్టుంటుంది, అక్కడి కుర్రాళ్ళకీ బోర్లాపడడం ఎలాగో తెలుస్తుంది.

వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఈ విషయం తేలుస్తారు. తప్పకుండా రండి. రాలేనివాళ్ళు ఉత్తరం రాయండి. ఏమంటారు?