రేజరు కాదు, చీటీ ముఖ్యం

ఉప్పల్‌లోనో నాచారంలోనో ఎవరైనా పాత రేజరు చూపించి "ఇది అంతరిక్షానికి వెళ్ళొచ్చింది" అంటే నమ్ముతారా? పాత జిలెట్ రేజర్ల మీద ఓ అక్షరం, ఓ అంకె ఉంటాయి. అక్షరం ఏడాదికి, అంకె క్వార్టరుకి. కానీ అది తయారైన తేదీ మాత్రమే. బిల్డ్ నంబరు చూసి ప్రొడక్షన్లోకి ఎప్పుడెళ్ళిందో చెప్పలేం కదా!

అపోలో 11 (1969)లో మైకేల్ కాలిన్స్ తీసుకెళ్ళిన రేజరు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని విలువంతా వెనకున్న రికార్డుదే.

మన నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో వెళ్ళి, 11న టి-10లో దిగారు. "ఆయన దువ్వెన, టి-11లోనే తిరిగొచ్చింది" అని కాగితం చూపిస్తే అక్కడే అనుమానించాలి.

మీ ఇంట్లో పాత సామానుందా? ఎవరిదో, ఎలా వచ్చిందో పెద్దవాళ్ళుండగానే చీటీ రాసి పెట్టండి. తర్వాత వెతుక్కోడానికి లాగ్స్ ఉండవు.