పతకం అందనివాళ్ల కథ

పోయిన వారం మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు, నాకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా 'రోగ్ వన్' అని చెప్పాను. మన క్లాసులో అది చూసినవాళ్లు నేను కాక ఇంకొకరే. ఆ ఒక్కతే, "చివర్లో అందరూ చచ్చిపోతారే! అదేం సినిమా? చూసి ఏం లాభం?" అనేసింది. నేను నోరు తెరిచేలోగా బెల్లు కొట్టారు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ముగింపు కూడా చెప్పేస్తాను కాబట్టి, సినిమా చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగి పక్కనున్న కవిత చదువుకోండి.

1977లో వచ్చిన మొదటి 'స్టార్ వార్స్' సినిమా మొదలవగానే తెర మీద అక్షరాలు పైకి పాకుతూ పోతాయి. తిరుగుబాటుదారుల గూఢచారులు శత్రువుల మహాయుధం ప్లాన్లు దొంగిలించారని అందులో ఒక మాట ఉంటుంది. అంతే. వాళ్లెవరో, ఎలా తెచ్చారో చెప్పరు. ఆ ఒక్క మాటని పట్టుకుని గారెత్ ఎడ్వర్డ్స్ తీసిన సినిమా 'రోగ్ వన్'. 2016 డిసెంబరులో వచ్చింది. మన భాషలో చెప్పాలంటే ఇదొక ఉపాఖ్యానం. భారతం మొత్తం చదవకపోయినా నలుడి కథ అర్థమవుతుంది కదా, అలాగే మిగతా స్టార్ వార్స్ సినిమాలు ఒక్కటీ చూడకపోయినా ఇది అర్థమవుతుంది. ఈ మనుషుల కథ ఇందులోనే ముగుస్తుంది.

నాయిక పేరు జిన్. ఆమె తండ్రి గేలెన్ శాస్త్రవేత్త. గ్రహాలనే పేల్చేసే డెత్ స్టార్ అనే ఆయుధం కట్టడానికి సామ్రాజ్యం వాళ్లు అతన్ని బలవంతంగా పట్టుకుపోతారు. అడ్డుపడిన తల్లిని కాల్చేస్తారు. పాప గుహలో దాక్కుని బతుకుతుంది. తాను చెయ్యనన్నా ఇంకొకరితో చేయిస్తారని తెలిసిన గేలెన్, ఒప్పుకున్నట్టు నటిస్తూ ఆ ఆయుధంలో ఎవరికీ కనబడని లోపం ఒకటి పెడతాడు. 1977 సినిమాలో అంత పెద్ద డెత్ స్టార్ చిన్న కన్నంలోంచి దూరిన దెబ్బకి పేలిపోతుంది. అదేం తెలివితక్కువ కట్టడం అని జనం ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. 'రోగ్ వన్' చూశాక ఆ నవ్వు ఆగిపోతుంది. అది తెలివితక్కువతనం కాదు, ఒక తండ్రి ఏళ్లపాటు ఒంటరిగా చేసిన తిరుగుబాటు. ఆ ప్లాన్ల ఫైలుకి అతను పెట్టిన పేరు స్టార్‌డస్ట్, కూతుర్ని ముద్దుగా పిలుచుకున్న పేరు. వేల ఫైళ్ల మధ్య ఆ పేరుని జిన్ గుర్తుపట్టే చోట నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఇక చావుల సంగతి. మా కృష్ణగిరి వైపు ద్రౌపదమ్మ తిరునాళ్లలో రాత్రంతా భారతం ఆడతారు. అభిమన్యుడి ఆట రోజు చాప మీద చోటు దొరకదు. పద్మవ్యూహంలోకి వెళ్లినవాడు తిరిగి రాడని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా తెల్లారేదాకా ఎవరూ లేవరు. చస్తాడా బతుకుతాడా అని కాదు, ఎలా నిలబడ్డాడో చూడడానికి కూర్చుంటారు. 'రోగ్ వన్' కూడా అంతే. ప్లాన్లు అందుతాయని మనకి ముందే తెలుసు. చూపు లేని చిరుట్ తుపాకుల వానలో నడిచి వెళ్లి మీట వేస్తాడు. రోబో కే-టూ తలుపు మూసేసి తను బయటే కూలిపోతాడు. పైలట్ బోధి పైకి కబురు అందేలా చేసి, ఆ వెంటనే గ్రెనేడుకి పోతాడు. వీళ్లలో ఒక్కరికి కూడా తమ పని ఫలించిందో లేదో తెలీదు. 1977 సినిమా చివర్లో సభ పెట్టి వీరులకి పతకాలు వేస్తారు. ఈ సినిమా చూశాక ఆ సభ మళ్లీ చూడండి. అక్కడ లేనివాళ్లే కళ్లముందు మెదులుతారు.

లోపాలు లేవా? ఉన్నాయి. మొదటి అరగంటలో గ్రహం తర్వాత గ్రహం చూపిస్తుంటే ఎవరెక్కడున్నారో తికమకగా ఉంటుంది. 1994లో చనిపోయిన పీటర్ కుషింగ్ ముఖాన్ని కంప్యూటర్‌తో మళ్లీ తెచ్చారు, ఆ కళ్లలో ప్రాణం లేదు. ఏదీ పట్టనట్టు తిరిగిన జిన్ పోరాటానికి మరీ త్వరగా మారిపోయినట్టు అనిపిస్తుంది. అన్నిటికంటే నాకు గుచ్చుకున్నది ఇంకొకటి. నాయిక ఆడపిల్ల అని సంబరపడ్డాను గానీ, ఆమె చుట్టూ ఉన్న ముఖ్యమైన జట్టులో ఇంకొక ఆడమనిషి లేదు. అంత పెద్ద అంతరిక్షంలో జిన్‌కి ఒక్క స్నేహితురాలు దొరకలేదా?

అయినా ఈ సినిమా నాది అనుకోవడానికి నా కారణం నాకుంది. మా అవ్వకి తెలుగు చదవడం, రాయడం రాదు. ఊళ్లో బడి తమిళం, బజారు తమిళం. ఇంట్లో మాత్రం ఆమె మాతో ఒక్క రోజు కూడా వేరే భాషలో మాట్లాడలేదు. కథలన్నీ తెలుగులోనే చెప్పింది. ఆమె చెవిన పడేసిన ఆ మాటల వల్లే, ఇక్కడికొచ్చి అక్షరాలు దిద్దుకుని ఈ వ్యాసం రాయగలుగుతున్నాను. ఆమె పోయి రెండేళ్లయింది. నా పేరు ఈ గోడ మీద చూడలేదు. చూసినా చదవలేకపోయేది.

ఆ సినిమా ఆఖర్లో ఇరుక్కుపోయిన తలుపు సందులోంచి ఒక సైనికుడు ప్లాన్లున్న డిస్కుని అవతలి చేతికి అందిస్తాడు. అతని పేరు కూడా మనకి చెప్పరు. వెనక డార్త్ వేడర్ వస్తున్నాడు, ఇక బతకనని అతనికి తెలుసు. అయినా చెయ్యి చాపి అందించాడు. ఏం లాభం అని అడిగావు కదా, అది అవతలి చేతికి అందింది, లాభం అదే. ఇంకా ఒప్పుకోకపోతే శనివారం సాయంత్రం మా హాస్టల్ రూముకి రా, మళ్లీ కలిసి చూద్దాం. ఈసారి బెల్లు కొట్టేవాళ్లు ఉండరు.