మనస్సు వేరా? దేహము వేరా?

పరీక్షలు సమీపించగానే మన విద్యార్థులలో కొందరికి కడుపునొప్పి, కొందరికి తలనొప్పి, మరికొందరికి నిద్రలేమి కలగడం ఏటేటా చూస్తున్నదే. గత సంవత్సరం అటువంటి మిత్రుడొకనిని నేను వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాను. పరీక్షలలో దోషమేమీ కానరాలేదు. “నీకేమీ లేదు, అంతా మనసే” అని చెప్పి పంపివేశారు. దూలపల్లికి తిరిగి వచ్చే బస్సులో మిత్రుడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు: “మనసులో ఉంటే ఏమీ లేనట్టేనా?” ఈ వ్యాసానికి ఆ ప్రశ్నయే మూలము.

వైద్యుని ఆ మాట వెనుక దీర్ఘమైన తత్త్వచరిత్ర ఉన్నది. ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ 1641లో ప్రకటించిన గ్రంథంలో దేహము స్థలాన్ని ఆక్రమించే పదార్థమనీ, మనస్సు ఆలోచించే పదార్థమనీ, ఇవి రెండూ పూర్తిగా వేరనీ ప్రతిపాదించాడు. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ అతనికి లేఖ వ్రాస్తూ, స్థలమునే ఆక్రమించని ఆత్మ దేహాన్ని ఎట్లా కదిలించగలదని ప్రశ్నించింది. మెదడు మధ్యనున్న ఒక చిన్న గ్రంథిలో ఆ రెండింటికీ సంబంధం కుదురుతుందని దెకార్త్ అభిప్రాయపడ్డాడు గాని, రాకుమారి సందేహం మాత్రం నేటికీ తీరలేదు.

చీనా వైద్యంలో ఈ సందేహం ఈ రూపంలో పుట్టనే లేదు. సుమారు రెండు వేల సంవత్సరాల నాటి ‘హువాంగ్‌డీ నేజింగ్’ అనే గ్రంథం కోపాన్ని కాలేయానికి, సంతోషాన్ని హృదయానికి, చింతను ప్లీహానికి, శోకాన్ని ఊపిరితిత్తులకు, భయాన్ని మూత్రపిండాలకు జోడించింది. హృదయానికీ మనస్సుకూ వారి భాషలో ఒకే పదమున్నది, అది ‘షిన్’. ‘చీ’ అనే ప్రాణశక్తి అంతటా ప్రవహిస్తుండగా, రెంటినీ కలిపే వంతెన కొరకు వెదకవలసిన అవసరం వారికి కలుగలేదు.

ఈ భావన మనకు మాత్రం క్రొత్తదా? అసూయను తెలుగువాడు కడుపుమంట అన్నాడు. ధైర్యాన్ని ఉర్దూ సోదరుడు జిగర్, అనగా కాలేయము, అన్నాడు. చార్మినారు చెంత నిజామియా తిబ్బీ కళాశాలలో బోధించే యునానీ వైద్యం ఆరోగ్యానికి ఆరు విషయాలు అనివార్యమంటుంది. గాలి, ఆహారపానీయాలు, నిద్రాజాగరణల వంటి వాటితో సమానంగా మనస్సు యొక్క చలన విశ్రాంతులను కూడా అది లెక్కించింది. 1037లో మరణించిన ఇబ్న్ సీనా, ప్రేమవ్యాధితో కృశించువాని నాడి పట్టుకొని పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ, ఏ పేరు వద్ద నాడి తడబడునో గమనించమన్నాడు. మనస్సు దాచిన రహస్యాన్ని మణికట్టు వెల్లడించిందన్నమాట!

అయినను సిద్ధాంతం సుందరమైనంత మాత్రాన చికిత్స సత్యము కాజాలదు. కోపానికి కాలేయము నివాసమని నేటి శాస్త్రం అంగీకరించదు. దేహాన్ని యంత్రమువలె విప్పి చూచినందుననే శస్త్రచికిత్స ఇంతగా వృద్ధి చెందినది. చీనా శాస్త్రవేత్త తూ యూయూ నాలుగవ శతాబ్దపు వైద్యగ్రంథం నుండి సూచన గ్రహించినది నిజమే. కాని ఆ మూలికాసారం మలేరియాను అణచునని ప్రయోగశాలలో నిరూపించిన పిదపనే అది ఔషధమైనది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించినది అందుకే. పైగా దేహమనస్సులను ఒకటిగా చూచుటలోనూ ఒక ప్రమాదమున్నది: నీ కోపమే నీ రోగానికి కారణమని రోగినే దోషిని చేయవచ్చును. కనుక ప్రాచీనుల నుండి ప్రశ్నను, ఆధునికుల నుండి పరీక్షను గ్రహించుట ఉచితమని నా అభిప్రాయము.

పరీక్షాభయం వల్ల గుండె దడదడలాడుట, జీర్ణక్రియ చెడుట కల్పన కాదు. నరముల ద్వారా, రక్తంలోని స్రావముల ద్వారా జరిగే శారీరక క్రియయే. ఆ నొప్పి నిజమైన నొప్పి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి పౌరునికీ మానసిక చికిత్స పొందే హక్కును ఇచ్చినది. 2022 నుండి 14416 అనే టెలిఫోను నంబరు ద్వారా టెలీ మానస్ సేవ ఉచితంగా లభిస్తున్నది.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపము. ప్రథమచికిత్సకు ఒక గది, మనస్సు విప్పి మాట్లాడుకొనుటకు వేరొక గది అని విభజింపక, రెండింటికీ ఒకే గదిని కేటాయించండి. ఆ తలుపు తట్టిన విద్యార్థి కట్టు కొరకు వచ్చాడో, కన్నీటితో వచ్చాడో బయటివారికి తెలియనక్కరలేదు. దాని గోడపై పై నంబరును తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించండి.

విద్యార్థి మిత్రులారా! మీ ప్రక్కనున్నవాడు నొప్పి అన్నప్పుడు “అంతా మనసే” అని నవ్వకండి. “ఎప్పటి నుండి?” అని అడగండి.