తాబేలుగారికి మూడ్ లేదా?

1990లో 'టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్' సినిమా వచ్చింది. తెరమీద తాబేళ్లు ఎగిరెగిరి ఫైట్లు చేస్తుంటే కుర్రకారు వెర్రెత్తిపోయారు. ఆ ఊపులో బ్రిటన్‌లో పిల్ల తాబేళ్లు కొన్న ఇళ్లు ఎన్నో! తీరా ఇంటికొచ్చాక అసలు హీరో మూల నక్కి కదలడు, మెదలడు, మేత ముట్టడు.

బద్ధకం అనుకునేరు, చలి సుమండీ! తాబేలు ఒంటికి వేడి బయటినుంచే అందాలి. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి చస్తుంది. అక్వేరియం షాపుల్లో కనిపించే ఎర్రచెవుల తాబేలు పిల్లకి నీళ్లు 26 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉండాలి. ఎక్కి ఒళ్లారబెట్టుకోడానికి ఓ రాయి, దానిమీద 30 డిగ్రీలు దాటిన వెచ్చదనం, అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం కావాలి. లైట్లు లేకుండా షూటింగ్ సాగుతుందా మరి?

అన్నీ అమర్చినా నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, ఒక పక్కకి ఒరిగి ఈదుతున్నా న్యుమోనియా కావచ్చు. వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి.

ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సాల్మొనెల్లా జబ్బు భయంతోనే అమెరికా 1975లో డిప్ప 4 అంగుళాలైనా లేని తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. విసుగొచ్చిందని చెరువులో మాత్రం వదలకండి, అక్కడి మన తాబేళ్ల తిండికి, చోటుకి పోటీ అవుతుంది.

తెరమీద హీరోకి డూప్ ఉంటాడు. తొట్టిలో హీరోకి మీరే దిక్కు!