లేపాక్షికి ఒక మంచి తెలుగు గైడ్‌బుక్ కావాలి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రిగారికి, అధికారులకు,

లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపంలో ఒక గంట నిలబడితే ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో మీకే తెలుస్తుంది. వచ్చినవాళ్లు నేరుగా వేలాడే స్తంభం దగ్గరికి వెళ్తారు. దాని కింద కండువానో చున్నీనో ఇటు నుంచి అటు లాగి, ఫొటో దిగి, నాగలింగం వైపు నడుస్తారు. తలెత్తి పైకప్పు చూసేవాళ్లు తక్కువ. విజయనగర కాలపు చిత్రకళలో మనకు మిగిలిన అపురూపమైన భాగం ఆ కప్పు మీదే ఉంది. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుడి కథ పొడవాటి పట్టీలుగా సాగుతాయి. అందులోని ఆడవాళ్ల చీరల మీద ఎన్ని రకాల గీతలో, ఎన్ని రకాల పూలో! కొప్పులు ఒక పక్కకు వాలి ఉంటాయి. ఏ కథ ఎక్కడ మొదలై ఎటు నడుస్తుందో తెలియకపోతే ఇదంతా వెలిసిన రంగుగానే కనిపిస్తుంది.

అందుకే గుడి దగ్గరే దొరికేలా, సంచిలో పట్టేంత తెలుగు పుస్తకం ఒకటి వేయించండి. కప్పు బొమ్మలను పట్టీల వారీగా గీసి, ఎక్కడ నిలబడి ఏం చూడాలో చెప్పాలి. ఈ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడన్న కథ కూడా ఉండాల్సిందే. తరతరాలుగా చెప్పుకుంటున్నాం మరి. కానీ అది జనం చెప్పే కథ అనీ, అచ్యుతదేవరాయల కాలం నాటి దానాలకు శాసనాలు సాక్ష్యమనీ విడదీసి రాయాలి. రెండూ కలిపేస్తే పిల్లలకు చరిత్ర అందదు.

ఈ పని మనకు కొత్త కాదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవునా మజిలీలు, బసలు, ఏ ఊళ్లో ఏ సరుకులు దొరుకుతాయో, ఏ నదిని ఎలా దాటాలో రాసుకుంటూ వెళ్లారు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఇంగ్లీషు ప్రయాణికుల కోసం జాన్ మరీ సంస్థ ఇండియా హ్యాండ్‌బుక్ వేసింది 1859లో. తర్వాత వచ్చేవాడికి ఏం అవసరమో అంత ముందే ఆలోచించిన తెలుగువాడు ఉన్నాడు.

ఆ శ్రద్ధే మీ పుస్తకంలోనూ కనిపించాలి. హిందూపురం నుంచి బస్సు వేళలు, మంచినీళ్లు, మరుగుదొడ్డి, మధ్యాహ్నం రాతి నేల కాలుతుందన్న హెచ్చరిక, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎటు నుంచి ఎక్కాలో — ఇవన్నీ ఉండాలి. ఏ నెలలో సరిచూశారో అట్ట మీద వేయండి, ఏటా మార్చండి. క్యూఆర్ కోడ్ పెట్టినా సరే, అచ్చు పుస్తకాన్ని మాత్రం మానకండి; స్కూలు పిల్లలందరి చేతుల్లో ఫోన్లుండవు.

2022లో లేపాక్షి ఆలయం, నంది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. విదేశీయుల కోసం ఇంగ్లీషులో ఎలాగూ రాస్తారు. తెలుగు పుస్తకం ముందు రానివ్వండి. రాయడానికి శాసనాలు చదవగలిగినవాళ్లనూ, చిత్రకళ తెలిసినవాళ్లనూ పిలవండి.