మజూరీ పోని పాత సొమ్ము

పాత నగను కంసాలి దగ్గరకు తీసుకుపోయిన గృహిణికి ఒక చేదు సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. తరుగు పోగా మిగిలిన బంగారానికే అక్కడ లెక్క. ఆ నగ చేయించిన నాడు ఇచ్చిన మజూరీ మూసలో కరగిపోయినట్లే; కొత్త నగకు మళ్ళీ మజూరీ చెల్లించవలసిందే. యంత్రాల సంగతీ ఇంతే. అరిగిన డీజిల్ ఇంజనును తుక్కు కింద అమ్మితే చేతికి వచ్చేది ఇనుము ధర. దానిని పోతపోయడానికి, లేత్ మీద చెక్కడానికి, సాన పట్టడానికి వెచ్చించిన శ్రమ, ఇంధనం, నైపుణ్యం సమస్తమూ కొలిమి పాలవుతాయి.

ఈ మజూరీని కాపాడే విద్యకు పారిశ్రామిక దేశాలలో రిమాన్యుఫాక్చరింగ్ అని పేరు. తెలుగులో దీనికి ఇంకా స్థిరమైన మాట ఏర్పడలేదు. పునర్నిర్మాణం అంటే కూలిన ఇల్లు గుర్తుకు వస్తుంది. దేవాలయాల విషయంలో వాడే జీర్ణోద్ధారణ అనే మాట భావానికి చాలా దగ్గరదే కాని, ఇంజనుకు వాడితే పాఠకుడు నవ్వుతాడేమో! మన బజారులో అన్నిటికీ కలిపి ‘రిపేరు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. కాని రెంటికీ భేదం ఉన్నది. రిపేరులో చెడిన భాగాన్ని మాత్రమే సరిచేస్తారు. తక్కినవి ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేరు. రిమాన్యుఫాక్చరింగులో యంత్రాన్ని చివరి మర వరకూ విప్పుతారు. ప్రతి భాగాన్నీ కడిగి, కొలిచి, పనికిరానిదాన్ని తీసిపారవేసి, అరిగినదాన్ని మళ్ళీ కొలతకు తెస్తారు. క్రాంక్ షాఫ్టు అరిగితే సన్నగా సానపట్టి, ఆ మేరకు మందమైన బేరింగు వేస్తారు. సిలిండరు గోడ అరిగితే తొలిచి లోపల కొత్త తొడుగు దిగగొడతారు. తిరిగి బిగించిన పిదప కొత్త ఇంజనుకు చేసే పరీక్షలన్నీ దీనికీ జరుపుతారు. కొత్తదానివలెనే గ్యారంటీ ఇస్తారు.

ఫ్రాన్సులో రెనో మోటారు కంపెనీ పారిస్ నగరానికి చేరువన ఉన్న షవాజీ-ల-ర్వాలో 1949లోనే ఈ పని ప్రారంభించింది. యుద్ధం ముగిసిన కొత్తలో లోహానికి కటకటగా ఉన్న రోజులవి. అమెరికాలో భారీ యంత్రాలు తయారుచేసే కాటర్ పిల్లర్ కంపెనీ 1973లో ఇందులోకి దిగింది. ఆ కంపెనీ పద్ధతి ముచ్చటైనది. పునర్నిర్మించిన భాగాన్ని కొత్తదానికంటె చవకగా అమ్ముతారు. పైన కొంత ధరావతు పుచ్చుకుంటారు. అరిగిపోయిన పాత భాగాన్ని కొనుగోలుదారు తెచ్చి అప్పగించిన నాడు ఆ ధరావతు వాపసు చేస్తారు. పూర్వం సోడా దుకాణంలో ఖాళీ సీసా ఇచ్చి డబ్బు తీసుకొన్న చందమే ఇది. ఈ ధరావతే లేకపోతే పాత భాగం తుక్కు దుకాణానికి పోతుంది, ఫ్యాక్టరీకి పని ఉండదు. ఈ వ్యాపారంలో ముడిసరుకు గనిలో దొరకదు, వాడుకదారు కొట్టంలో దొరుకుతుంది.

1959లో వెలువడిన జెరాక్సు 914 యంత్రం విషయంలో ఆ చిక్కు మొదటినుంచీ లేదు. దాని ఖరీదు అధికం కావడంవల్ల నెలకు 95 డాలర్ల అద్దెకు ఇచ్చేవారు. సొత్తు కంపెనీదే, ఒక కార్యాలయం వద్దన్న యంత్రం తిరిగి కంపెనీ గడపకే చేరేది. తిరిగి వచ్చేదానిని సులువుగా విప్పి వాడుకొనేటట్లు మొదటే రూపొందించడం లాభమన్న జ్ఞానం క్రమంగా అక్కడ కలిగింది.

బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ లుండ్ 1996లో ఒక పరిశీలన ప్రకటించాడు. అమెరికాలో ఈ వృత్తిలో 73,000 సంస్థలు ఉన్నాయనీ, 4,80,000 మంది పనిచేస్తున్నారనీ, సాలుకు 5,300 కోట్ల డాలర్ల అమ్మకాలు జరుగుతున్నాయనీ అంచనా కట్టాడు. దీనికి ఆయన పెట్టిన పేరు ‘కనిపించని మహాకాయుడు’ అని అర్థమిచ్చేది. ఆ సంస్థలలో అధిక భాగం చిన్న చిన్న కర్మాగారాలు. అసలు వస్తువును తయారుచేసినవారు కారు.

తగవు పుట్టేది ఇక్కడే. చవకగా పునర్నిర్మించిన సరుకు తన కొత్త సరుకు అమ్మకాన్ని దెబ్బతీస్తుందని ఉత్పత్తిదారు భయం. తాను చేయకపోతే ఇతరులు చేస్తారు, చేస్తే అడ్డుకోవచ్చునా? లెక్స్‌మార్క్ అనే ముద్రణ యంత్రాల కంపెనీ సిరా డబ్బాలను తగ్గింపు ధరకు అమ్ముతూ, ఖాళీ అయిన పిదప తనకే తిరిగి ఇవ్వాలని షరతు విధించింది. ఆ ఖాళీ డబ్బాలను సేకరించి నింపి అమ్మిన వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు చిన్న సంస్థపై పేటెంటు హక్కు పేరిట దావా వేసింది. వస్తువును అమ్మిన క్షణంతోనే దానిమీద పేటెంటు హక్కు తీరిపోతుందని 2017లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొన్నవాడి సొమ్ము కొన్నవాడిదే అని మన పల్లెలో ఏ పెద్దమనిషి అయినా పావుగంటలో తేల్చేవాడు. అక్కడ ఏళ్ళు పట్టింది.

మన దేశానికి ఈ విద్య కొత్త కాదు. రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థలు బస్సు టైర్లు అరిగిన కొలదీ పైపొరను గీకి కొత్త రబ్బరు అతికించి ఉడికిస్తాయి. లోపలి దారాల చట్రం చెక్కుచెదరకపోతే అదే టైరు మళ్ళీ రోడ్డెక్కుతుంది. సాధారణంగా వెనుక చక్రాలకే. ముందు చక్రాలకు కొత్తవే తొడుగుతారు, ప్రయాణికుల ప్రాణాలతో పొదుపు పాటించరు. ఇంతకంటె ఘనమైన ఉదాహరణ పంజాబులోని పటియాలాలో ఉన్నది. డీజిల్ రైలు ఇంజన్ల ఆయువు పెంచడానికే 1981లో రైల్వేవారు అక్కడ కర్మాగారం నెలకొల్పారు. సగం జీవితం గడిచిన ఇంజను అక్కడికి పోతే, 2,600 అశ్వశక్తిది 3,100 అశ్వశక్తితో తిరిగి వచ్చేది. చట్రం పాతదే, సత్తువ మాత్రం పెరిగింది! ఏ కంసాలీ పాత నగను కరిగించకుండా ఇంత మెరుగు పెట్టలేడు.

అయితే రైల్వేలైనా, బస్సు సంస్థలైనా తమ సొత్తును తామే బాగుచేసుకొంటున్నవే. అమ్మిన సరుకును వెనుకకు రప్పించి వ్యాపారం చేయడం వేరు. దానికి మన ఉత్పత్తిదారులకు ప్రధానమైన అడ్డంకి ధరావతు కాదు, పోటీ. ఫ్యాక్టరీ ఇచ్చే ధర నచ్చకపోతే వాడుకదారు విజయవాడ ఆటోనగర్‌కో, అటువంటి మరొక పేటకో పోతాడు. అక్కడ మేస్త్రీ అదే ఇంజనును విప్పి, కళ్ళముందే బిగించి, బేరమాడి ఇస్తాడు. గ్యారంటీ కాగితం ఉండదు. మళ్ళీ మొరాయిస్తే మేస్త్రీ ఎక్కడ కూర్చుంటాడో యజమానికి తెలుసు; ఫ్యాక్టరీ ఎక్కడుందో తెలియదు.